కార్కెర్: చెరసాలా, పందెపు గదులా?

లాటిన్ నేర్చుకుంటున్న నాకు ‘కార్కెర్’ అనే పదం విషయంలో తెలిసినవారి సహాయం కావాలి. ఏకవచనంలో దీని ప్రధానార్థం చెరసాల. రోమ్‌లో కాపిటోలిన్ కొండ దిగువన ఉన్న చెరసాలకు ఇదే పేరు, దాని నేలమాళిగలోనే క్రీ.పూ. 63లో ప్రభుత్వాన్ని కూలదోయజూసిన కాటిలైన్ పక్షపు కుట్రదారులను గొంతు బిగించి చంపారు. బహువచనమైన ‘కార్కెరేస్’ మాత్రం రథాల పందెంలో గుర్రాలను నిలిపి ఉంచి, సంకేతం అందగానే తలుపులు తెరిచి వదిలే గదులకు వాడుక. రోమ్‌లోని రథాల పందెపు మైదానమైన సర్కస్ మాక్సిమస్‌లో అవి 12 ఉండేవి. రోమన్ పండితుడు వర్రో ఈ పదాన్ని ‘నిర్బంధించు’ అనే క్రియతో ముడిపెట్టాడు గాని, ఆ వ్యుత్పత్తి నాకంత నమ్మదగినదిగా తోచలేదు. రోమన్ కవి వర్జిల్ పందెపు గదుల అర్థంలోనూ ఏకవచనమే వాడాడు కదా, అటువంటి ప్రయోగం గద్యంలో కూడా కనిపిస్తుందా, లేక అది ఛందస్సు కోసం కవులు తీసుకున్న స్వేచ్ఛ మాత్రమేనా? ఉదాహరణలతో వివరించగలరని కోరుతున్నాను.