పారిస్‌లో నావిగో వారం పాస్ కొనాలా, విడి టికెట్లే మేలా?

కొత్త ప్రయాణం:
గురువారం ఉదయం షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో దిగి, మంగళవారం అక్కడి నుంచే తిరుగు ప్రయాణం. ముగ్గురు పెద్దలు, 8 ఏళ్ల పాప. పెద్దల్లో ఒకావిడకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. హోటల్ గార్ ద లియోన్ స్టేషను దగ్గర. నావిగో అనే అక్కడి మెట్రో, బస్సు, రైళ్ల కార్డు గురించి ఎక్కడ చదివినా "కళ్లు మూసుకుని వారం పాస్ కొనెయ్యండి" అంటున్నారు. మా రోజులకు అది నిజంగా కలిసొస్తుందా? లెక్కతో సహా చెప్పగలరు.

పద్దు పుస్తకం:
కొనండి. 2025 ధరలతో లెక్క చెబుతాను. ఏటా జనవరి 1న మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. వారం పాస్ 31.60 యూరోలు, అది ఎక్కించే డెకూవెర్ట్ కార్డు 5. మొత్తం 36.60. విమానాశ్రయం టికెట్టే ఒకవైపుకు 13, నగరంలో ఒక్కో మెట్రో ప్రయాణం 2.50. గురువారం సాయంత్రం రెండు, శుక్ర శని ఆదివారాల్లో రోజుకు నాలుగు చొప్పున మొత్తం 14 ప్రయాణాలు అనుకుందాం. అవి 35 యూరోలు, విమానాశ్రయం నుంచి రావడానికి 13, విడి టికెట్లు ఎక్కించే ఈజీ కార్డుకు 2. కలిపితే 50. పాస్‌తో తలకు 13.40 మిగులుతుంది. ఇంకా వెర్సాయ్ రాజభవనం, డిస్నీలాండ్ ప్రయాణాలు కూడా అందులోనే.

ఓరుగల్లు బాట:
పద్దు పుస్తకం గారూ, వెర్సాయ్, డిస్నీలాండ్ పేరు చెప్పి పాస్ కొనమనడం పాత మాటండీ. 2025 జనవరి 1 నుంచి మెట్రో, ట్రైన్, ఆర్‌ఈఆర్ (నగరాన్ని శివార్లతో కలిపే రైళ్లు) అన్నిటికీ ఒకటే టికెట్. ఇల్-ద-ఫ్రాన్స్‌లో, అంటే పారిస్, దాని చుట్టుపక్కల ప్రాంతమంతా, విమానాశ్రయాలు తప్ప ఎంత దూరం వెళ్లినా 2025లో 2.50. అంతకుముందు దూరాన్ని బట్టి ధర ఉండేది కాబట్టి ఆ సలహా పుట్టింది. ధరల పద్ధతి మారింది, బ్లాగుల్లో సలహా మాత్రం అట్లనే ఉండిపోయింది. పది టికెట్ల కట్ట మీద తగ్గింపు కూడా అదే రోజుతో పోయింది. ఇప్పటికీ "పది కొంటే చవక" అని రాసేవాళ్లున్నారు, నమ్మకండి.

ఇంకోటి. ఈ పాస్ కొన్న రోజు నుంచి ఏడు రోజులు ఉండేది కాదు. సోమవారం మొదలై ఆదివారం అర్ధరాత్రికి అయిపోతుంది. వీళ్లకు దక్కేది నాలుగు రోజులే. సోమ, మంగళవారాలకు మళ్లీ టికెట్లే కొనాలె.

పద్దు పుస్తకం:
నాలుగు రోజులే దక్కుతుందని తెలిసే లెక్క వేశాను. సోమవారం, మంగళవారం ఎటూ పాస్ కొన్నా కొనకపోయినా ఒకటే ఖర్చు. ఆ రెండు రోజుల కోసం మాత్రం రెండో వారం పాస్ కొనవద్దు. తలకు ఒక ఈజీ కార్డు తీసుకుని సోమవారం టికెట్లు, మంగళవారం విమానాశ్రయం టికెట్ వేసుకుంటే చాలు. ఆ 2 యూరోలు పోయినా 11కు పైగా మిగులే.

గేటు దగ్గర:
డబ్బు లెక్క కంటే ముందు తేదీ చూసుకోవాలి. ఈ వారం పాస్‌ను గురువారం రాత్రి వరకే అమ్ముతారు. శుక్రవారం నుంచి అదే మెషిన్ వచ్చే వారం పాస్ ఇస్తుంది, అంటే రాబోయే సోమవారం నుంచి చెల్లేది. తెర మీద తేదీలు కనబడతాయి కానీ వెనక లైను పెరుగుతుంటే చాలామంది చూడకుండా బటన్ నొక్కేస్తారు. తర్వాత గేటు తెరుచుకోదు, డబ్బు ఇరుక్కుపోతుంది. విమానం ఆలస్యమై మీరు శుక్రవారం దిగితే ఈ చర్చంతా పక్కన పెట్టి విడి టికెట్లు కొనండి.

ఫోటో గురించి ఎవరూ చెప్పలేదు. డెకూవెర్ట్ కార్డు మీద 25 × 30 మిల్లీమీటర్ల ఫోటో అంటించి, పేరు రాసి, సంతకం పెట్టాలి. ఇవి లేకుండా తనిఖీలో దొరికితే పాస్ ఉన్నా జరిమానా పడుతుంది. షెంగెన్ వీసాకు దిగిన ఫోటో మిగిలి ఉంటుంది కదా, కత్తిరిద్దాం అనుకుంటారు. కుదరదు. ఆ ఫోటోలో ముఖమే 32 నుంచి 36 మిల్లీమీటర్లు. 30కి కోస్తే గడ్డమో నుదురో పోతుంది. బయల్దేరే ముందే స్టూడియోలో 25 × 30 అని కొలత చెప్పి ప్రింటు వేయించుకోండి. ఒక చిన్న గ్లూ స్టిక్ కూడా సంచిలో వేసుకోండి.

ఓరుగల్లు బాట:
పాప సంగతి మరిచిపోయారు అందరూ. వారం పాస్‌లో పిల్లలకు తగ్గింపు లేదు. విడి టికెట్లకైతే 4 ఏళ్లు నిండి 10 నిండని పిల్లలకు సగం ధర: 2025లో మెట్రోకు 1.25, విమానాశ్రయానికి 6.50. అవే 14 ప్రయాణాలు, విమానాశ్రయం, ఈజీ కార్డు అన్నీ కలిపి పాపకు 26 యూరోలే. పాస్ అయితే 36.60. కాబట్టి "అందరికీ పాస్" అన్నది తప్పు. పాపకు వేరే ఈజీ కార్డు తీయాలె. ఒక కార్డును ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి కొట్టడం కుదరదు, మనిషికొక కార్డు ఉండాల్సిందే.

మెట్లు లేని దారి:
మోకాళ్ల నొప్పి ఉన్నవారు వస్తున్నారంటే నా దృష్టిలో మొదటి ప్రశ్న పాస్ కాదు, టాక్సీ. షార్ల్ ద గోల్ నుంచి నగరానికి టాక్సీ మీటరు మీద నడవదు, ధర ప్రభుత్వం కట్టింది: 2025లో సెన్ నదికి ఉత్తరం వైపు 56 యూరోలు, దక్షిణం వైపు 65. నలుగురికీ, సామానుకూ కలిపి అంతే. గార్ ద లియోన్ ఉత్తరం వైపే. రైల్లో వస్తే మీ నలుగురికి 13 చొప్పున మూడు, పాపకు 6.50, మొత్తం 45.50. తేడా పదిన్నర యూరోలు. ఆ డబ్బుకు షాట్లే స్టేషన్లో పెట్టెలతో రైలు మారే అవస్థ తప్పుతుంది. టెర్మినల్ బయట బోర్డు ఉన్న టాక్సీ వరుసలోనే ఎక్కండి. లోపల "టాక్సీ, టాక్సీ" అంటూ పక్కకు వచ్చేవాళ్ల వెంట వెళ్లొద్దు, వాళ్లకు ఆ ధర వర్తించదు.

పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు. 14వ లైను ఒక్కటే అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులతో కట్టింది. అది గార్ ద లియోన్ మీదుగానే వెళ్తుంది, మీ అదృష్టం. మిగతా చోట్లకు బస్సు మేలు: నేల ఎత్తు తక్కువ, కూర్చుని ఊరు చూస్తూ వెళ్లొచ్చు. 69వ నంబరు బస్సు లూవ్ర్, ఓర్సే మ్యూజియం పక్కగా ఐఫిల్ టవర్ వైపు పోతుంది.

గేటు దగ్గర:
ఆ సలహాకు ఒక చిక్కు ఉంది. బస్సు టికెట్ వేరు, మెట్రో టికెట్ వేరు. బస్-ట్రామ్ టికెట్ 2025లో 2 యూరోలు, బస్సుకూ ట్రామ్‌కూ మధ్య గంటన్నర లోపు మారవచ్చు. మెట్రో టికెట్ రెండు గంటలు, మెట్రోకూ ఆర్‌ఈఆర్‌కూ మధ్యే. మెట్రో దిగి బస్సెక్కితే రెండు టికెట్లు, అంటే ఒక్క ప్రయాణానికే 4.50. మోకాళ్ల వల్ల కొంత బస్సు, కొంత మెట్రో అనుకునేవారికి విడి టికెట్ల లెక్క ఇక్కడే చెడిపోతుంది. పాస్ ఉంటే ఈ గొడవే లేదు.

ఓరుగల్లు బాట:
అది ఒప్పుకుంటున్న. కానీ టాక్సీలో వస్తే పద్దు పుస్తకం గారి లెక్కే తారుమారు. విమానాశ్రయం 13 తీసేయండి: 14 టికెట్లు 35, కార్డు 2, మొత్తం 37. పాస్ 36.60. మిగిలేది 40 సెంట్లు! దానికోసం ఫోటోలు, గ్లూ, తేదీల తంటా ఎందుకు?

పద్దు పుస్తకం:
నిజమే, నేను రైలునే దృష్టిలో పెట్టుకుని వేశాను. అయితే టాక్సీలో వచ్చినా పెద్దావిడకు పాసే కొనమంటాను. రోజుకు రెండుసార్లు బస్సు, మెట్రో కలిపి వాడితే మూడు రోజుల్లో అదనంగా ఆరు బస్సు టికెట్లు, 12 యూరోలు. పైగా ఓపిక లేకపోతే ఒక్క స్టాపుకైనా బస్సెక్కవచ్చు, టికెట్ దండగ అనిపించదు. మిగతా ఇద్దరు పెద్దలకు టికెట్లు చాలు. రైల్లో వస్తే మాత్రం ముగ్గురికీ పాసే.

లండన్ నుంచి ఒక మాట:
లండన్‌లో లాగా బ్యాంకు కార్డును నేరుగా గేటుకు తాకిస్తే పారిస్ మెట్రోలో తెరుచుకుంటుందని అనుకోకండి. కార్డుతో మెషిన్‌లో కొనాలి. మన బ్యాంకులు కొత్త కార్డుల మీద విదేశీ వాడకాన్ని ఆపేసి ఇస్తాయి, యాప్‌లో ఆన్ చేసుకుని రండి. పిన్ గుర్తుండాలి. కొద్దిగా యూరో నోట్లు కూడా ఉంచుకుంటే కౌంటర్‌లో పని జరిగిపోతుంది.

కొత్త ప్రయాణం:
చాలా సాయం చేశారు. టాక్సీలోనే వస్తాం. ఒకవేళ టికెట్ మారి పారిస్ రెండో విమానాశ్రయం ఓర్లీలో దిగాల్సి వస్తే?

మెట్లు లేని దారి:
2024 జూన్ నుంచి 14వ మెట్రో ఓర్లీ దాకా వచ్చింది. మీ హోటల్ స్టేషను దాకా ఒకే రైలు, రెండు చివరలా లిఫ్టు, అరగంట లోపు ప్రయాణం. అప్పుడు టాక్సీ అక్కర్లేదు. కాకపోతే మెట్రోయే కదా అని 2.50 టికెట్‌తో ఎక్కకండి, ఓర్లీకి కూడా (2025 ధరల్లో) 13 యూరోల టికెట్టే. రోజు పాస్ ఒకటి ఉంది (2025లో 12 యూరోలు), అది కూడా విమానాశ్రయాలకు చెల్లదు. వారం పాస్ చెల్లుతుంది.

గేటు దగ్గర:
పెద్దావిడ పాస్ గురువారమే, గార్ ద లియోన్ కౌంటర్‌లోనే తీసుకోండి. "నావిగో సెమెన్" అని అడగండి. "పారిస్ విజిట్" అని ఇవ్వబోతే వద్దనండి, అది పర్యాటకుల కోసం వేరే పాస్, 5 రోజులకు రెట్టింపు పైనే అవుతుంది. రసీదు మీద తేదీ ఆ ఆదివారంతో ముగుస్తోందో లేదో కౌంటర్ వదలక ముందే చూసుకోండి.