హెచ్‌ఐవీ మందుల ట్రయల్స్ నడపాల్సింది పెద్దాసుపత్రులా, రోగులు మామూలుగా వెళ్లే క్లినిక్కులా?

సందేహి:
నా మాట కొందరికి కటువుగా ఉండొచ్చు. ట్రయల్ వైద్యం కాదు, పరీక్ష. ఏళ్ల తరబడి చూస్తున్న డాక్టరే ఆ పరీక్ష పెడితే, "ఈయనకి అసలు మందే పడితే బాగుండు" అని మనసు లాగదా? పైగా రోగులే కూర్చుని ప్రొటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసుకున్న నియమావళి) దిద్దుతామంటే ఇక ఆ ఫలితాన్ని ఎవరు నమ్ముతారు?

పాతకాపు:
సందేహి గారూ, పెంటామిడిన్ సంగతి చూడండి. 1980లలో ఎయిడ్స్ రోగులను ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది పీసీపీ అనే న్యుమోనియా. పెంటామిడిన్ పాత మందే. దాన్ని తుంపరగా చేసి పీలిస్తే ఆ జబ్బు రాకుండా ఆగుతుందా అన్నది ప్రశ్న. పెద్ద సంస్థల చూపేమో వైరస్‌ను చంపే మందుల మీదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రాక్టీసు డాక్టర్లు కూడి 408 మందితో ట్రయల్ నడిపారు. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర లాంటిది) పెట్టలేదు, మూడు మోతాదులను పోల్చారు. నాలుగు వారాలకోసారి ఇచ్చిన 300 మిల్లీగ్రాములు నెగ్గింది. న్యూయార్క్‌లో రోగులూ డాక్టర్లూ కలిసి పెట్టుకున్న కమ్యూనిటీ రీసెర్చ్ ఇనిషియేటివ్ కూడా ఈ మందు మీద పనిచేసింది. 1989లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది క్లినిక్కుల డేటా చూసే.

లెక్కలమాస్టారు:
ప్రతిసారీ అలా కుదరదండీ. హెచ్‌ఐవీకి తొలి మందు ఏజడ్‌టీ ట్రయల్లో 282 మంది. 1986లో మధ్యలో లెక్క తీస్తే ప్లాసిబో వైపు 19 మంది పోయారు, మందు వైపు ఒక్కరు. ప్లాసిబో లేకుండా అంత త్వరగా తేలేదా? (ఆ 19 రాయాలంటే నాకూ చెయ్యి ఆడదు.)

నర్సమ్మ:
నేను ట్రయల్లో మాత్రలు లెక్కపెట్టిన మనిషిని. డబ్బా తిరిగిస్తారు, ట్రేలో పోసి ఐదేసి చొప్పున జరుపుతాం. ఒకావిడ డబ్బాలో ప్రతి నెలా ఒక్క మాత్రా మిగిలేది కాదు. పండగలొచ్చినా, జ్వరమొచ్చినా ఒక్కటీ తప్పలేదట! ఆ నున్నటి లెక్కే నాకు అనుమానం తెచ్చింది. గట్టిగా అడిగితే వచ్చే నెల రారని ఊరుకున్నాను. నా తప్పే.

హెచ్‌ఐవీ సోకకుండా ముందే వాడే మందుల్ని పరీక్షించిన వాయిస్ ట్రయల్లో పెద్ద ఎత్తున జరిగింది ఇదే. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది స్త్రీలు. నోటిమాట చూస్తే దాదాపు అందరూ వాడుతున్నట్టే. రక్తంలో చూస్తే మందు కనిపించింది మూడో వంతు నమూనాల్లో కూడా కాదు. మందు పనిచేయలేదా, మింగలేదా? ఇంట్లో డబ్బా ఎక్కడ దాచుకోవాలో, అత్తగారు చూస్తే ఏమనుకుంటుందో ముందే వాళ్లనడిగి ప్రొటోకాల్ రాయాలి.

సందేహి:
నర్సమ్మ గారి మాటకి తలొగ్గుతాను. కానీ రోగులు కోరుకున్న జవాబు రాకపోతే?

పాతకాపు:
రాలేదు కూడా! మాత్రలకు మధ్యమధ్య విరామమిస్తే ఒంటికి హాయి కదా అని చాలామందికి ఆశ. క్లినిక్కుల నెట్‌వర్క్ సీపీసీఆర్‌ఏ ముందుండి నడిపిన స్మార్ట్ ట్రయల్ అదే పరీక్షించింది. 33 దేశాలు, 5,472 మంది. సిడి4 (రోగనిరోధక కణాల లెక్క) 350 దాటితే మందు ఆపడం, 250 కంటే తగ్గితే మళ్లీ మొదలెట్టడం. ఆపినవాళ్లలో జబ్బులూ చావులూ పెరిగాయని తేలి 2006లో మధ్యలోనే నిలిపేశారు. ఆ చేదు జవాబు తెచ్చిందీ క్లినిక్కులే.

లెక్కలమాస్టారు:
సరే. అందులోనూ చీటీ వేసి రెండు గుంపులు చేశారు కాబట్టే తేలింది. క్లినిక్కయినా ఆసుపత్రయినా నేనడిగేది ఆ చీటీ ఎవరు తీశారనే.