కూరగాయల టోస్ట్: బ్రెడ్ ముందే కాల్చాలా, పైన ముక్కలు పరిచాక కాల్చాలా?

పొద్దుటి ఆకలి:
మా ఇంట్లో ఓ చిన్న తగవు, తీర్చండి. ఉల్లిపాయ, క్యాప్సికమ్, టమాటా, పుట్టగొడుగులు వేయించి బ్రెడ్ మీద వేసుకుని తింటాం, పావుగంట పని. నేను బ్రెడ్ విడిగా కాల్చి ఆ పైన ముక్కలు వేస్తాను. మా ఆయనేమో కాల్చని బ్రెడ్ మీదే ముక్కలు పరిచి, పెనం మీద పెట్టి మూత వేయాలంటారు, అప్పుడే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయట. ఎవరిది రైటు? నాది కూడా సగం తినేసరికి మెత్తబడిపోతోందనుకోండి, అది వేరే సంగతి.

మాడిన అంచు:
మీదే రైటు, ఇందులో చర్చేముంది. మూత పెడితే ఆవిరి ఎక్కడికి పోతుందండి? మూతకి పట్టి, చుక్కలుగా మళ్ళీ బ్రెడ్ మీదే పడుతుంది. అడుగు కరకర, పైనంతా తడిసిన అట్టముక్క. బ్రెడ్ ఎర్రగా కాలాలంటే పైపొర వేడి సుమారు 140 డిగ్రీలకి చేరాలి, తడి ఉన్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది.

నిదానం గరిటె:
ఇద్దరూ బ్రెడ్ గురించే కొట్టుకుంటున్నారు, బాణలి సంగతి అడిగినవాళ్ళు లేరు. పుట్టగొడుగుల్లో 90 శాతం పైగా నీరే. టమాటాలో ఇంకా ఎక్కువ, 94 దాకా ఉంటుంది. ఆ నీరు బాణలిలోనే ఇగిరిపోవాలి, లేదంటే మీరు బ్రెడ్ ఎప్పుడు కాల్చినా అది తాగేస్తుంది. ఉప్పు చివర్లో వేయాలని చాలామంది అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. చివర్లో వేస్తే ముక్కలు నీళ్ళు వదిలేది ప్లేట్లోకి వచ్చాకే. ముందే వేసి, మంట పెద్దది చేసి ఇగరనివ్వండి, గరిటెతో బాణలి మధ్యలో పక్కకి తోస్తే ఆ ఖాళీలోకి నీరు చేరకూడదు, అదీ గుర్తు. బాణలి నిండా ముక్కలు పోయకండి, వేగడం మానేసి ఉడుకుతాయి. టమాటా గింజల గుజ్జు తీసేస్తే సగం గొడవ అక్కడే పోతుంది.

మాడిన అంచు:
ఉప్పు ముందే వేస్తే క్యాప్సికమ్ వడలిపోయి పీలికలైపోతుంది. కాస్త కరకరలాడకపోతే ఇంక దాన్ని వేయడమెందుకు?

నిదానం గరిటె:
క్యాప్సికమ్ ముందు వేయమని ఎవరన్నారు? పుట్టగొడుగులు, టమాటా ఇగిరాక, ఆఖరి రెండు నిమిషాల్లో వేయండి.

వెన్నపూస:
మధ్యలో దూరుతున్నాను. కాల్చిన బ్రెడ్‌కి అంచుల దాకా వెన్న రాయండి, కొవ్వు పొర తడిని కాసేపు ఆపుతుంది. కాసేపే, అరగంట కబుర్లు చెప్పుకుంటూ తింటామంటే ఏ వెన్నా కాపాడదు. ఇంకొకటి, వేడి టోస్ట్ తీసుకెళ్ళి నున్నటి ప్లేట్లో పెడతారు చూడండి, అడుగున ఆవిరి చిక్కుకుని చెమట పడుతుంది. జాలీ మీద పెట్టండి, లేదా తినేదాకా పెనం అంచుకి ఆనించి ఉంచండి.

అసలు మీ తగవుకి నా తీర్పు వేరే. బ్రెడ్ ఒక్క వైపే కాల్చండి. తిరగేసి, కాలిన వైపు వెన్న రాసి దాని మీద ముక్కలు పరచండి, రెండో వైపు పెనం మీద సన్న మంటన కాలుతుంది. అప్పుడు తడి తగిలేది ఆరిన పొరకి. మూత మాత్రం వద్దు. చీజ్ వేస్తే కరగడానికి ఒక్క నిమిషం పెట్టి తీసేయండి, అంతకు మించి పెడితే మాడిన అంచు గారు చెప్పిందే అవుతుంది.

మాడిన అంచు:
ఒక్క నిమిషం కూడా వద్దు. చీజ్ సన్నగా తురిమి వేడి ముక్కల్లో కలిపేస్తే దానంతటదే కరుగుతుంది.

పొద్దుటి ఆకలి:
ఇవాళ వెన్నపూస గారి పద్ధతిలో చేశాను, ఉప్పు ముందే వేశాను, టమాటా గుజ్జు తీసేశాను. ఆఖరి ముక్క దాకా అంచు విరుగుతూనే ఉంది. మా ఆయన మూడు తిని, "ముక్కలు పరిచాకే కదా పెనం మీద కాల్చావు, నేను చెప్పిందీ అదే" అన్నారు.

మాడిన అంచు:
మూత పెట్టారా లేదా, అది చెప్పండి ముందు.

పొద్దుటి ఆకలి:
పెట్టలేదు. ఆయన వెతికారు, నేను దాచేశాను.