పుట్టిన రోజే దత్తతకు ఇచ్చేయాలా, తల్లికి గడువు ఉండాలా?

వెన్నెల:
పెంచలేనని ముందే చెప్పిన తల్లికి మళ్లీ గడువెందుకు? పుట్టిన రోజే ఇచ్చేస్తే బిడ్డకు తేడా తెలియదు. ఒకసారి ఎత్తుకున్నాక వదలడం తల్లికీ నరకమే. నేను దత్తత కోసం ఎదురుచూస్తున్నదాన్నే, అందుకే అడుగుతున్నాను.

చింతచెట్టు:
తేడా తెలియదని మాత్రం అనకండి. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు మూడు రోజులు కూడా నిండని పసికందులను పరీక్షించారు. తల్లి గొంతు వినబడేందుకు వాళ్లు పాలపీక చప్పరించే తీరే మార్చుకున్నారు. పెంచినవాళ్లకు అలవాటు పడరని కాదు, పడతారు. నా గొడవంతా సంతకం గురించి. పచ్చి బాలింత పెట్టే సంతకానికి విలువెంత? ఆస్ట్రేలియాలో ఒకప్పుడు పెళ్లికాని తల్లులకు బిడ్డ కనబడకుండా దుప్పటి అడ్డం పెట్టి, పాలు ఇంకిపోవడానికి మందులిచ్చి కాగితాలు రాయించుకున్నారు. 2013 మార్చి 21న ప్రధాని జూలియా గిలార్డ్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. ఇంగ్లండులో బిడ్డకు ఆరు వారాలు నిండకముందు తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదు. మన 2015 బాలల న్యాయ చట్టంలోనూ అప్పగించాక మనసు మార్చుకోవడానికి రెండు నెలలుంది.

వెన్నెల:
ఆ రెండు నెలలు బిడ్డ ఎవరి ఒళ్లో ఉండాలండీ? సంస్థలో ఉయ్యాలలోనా?

చింతచెట్టు:
న్యాయమైన ప్రశ్నే. తర్వాత పెంచబోయేవాళ్ల దగ్గరే ఉంచొచ్చు, తిరిగి ఇవ్వాల్సి రావచ్చని ముందే ఒప్పుకుంటే. ఆ టెన్షన్ పెద్దవాళ్లు పడాలి, పసివాళ్లు కాదు.

మలిసంధ్య:
నేను బిడ్డను ఇచ్చిన తల్లిని. నన్నెవరూ బలవంతం చేయలేదు. రెండో రోజు ఒకావిడ వచ్చి "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలుపెట్టి చూపిస్తే సంతకాలు పెట్టాను. మూడో రోజుకి పాలు పడ్డాయి. పక్క మంచం మీద పాప ఏడిస్తే నాకు చేపు వచ్చి జాకెట్టు తడిసిపోయింది. బట్ట మడిచి లోపల పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆరు వారాలిచ్చినా ఇచ్చేసేదాన్నేమో, పెంచే స్తోమత అప్పుడు నాకు లేదు. కానీ అప్పుడైతే కాగితం చదివి పెట్టేదాన్ని.

వెన్నెల:
ఏమీ అనుకోకండి అక్కా, ఒక్కటి అడుగుతాను. బిడ్డను చూడనిచ్చారా?

మలిసంధ్య:
చూశానమ్మా. ఎడమ చెవి అంచు లోపలికి మడత పడి ఉంది. వేలితో సవరించాను, మళ్లీ ముడుచుకుంది.