క్యూరాసియర్ రెజిమెంట్‌కు ఆరు గుర్రాలా, పన్నెండా?

సీసపురౌతు:
నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధాన్ని (1815 జూన్ 18) బల్ల మీద ఆడాలని 1/72 (అసలులో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలతో ఫ్రెంచ్ సైన్యం కడుతున్నా. పదాతి దళం పూర్తయింది. జనరల్ మిల్హో అశ్వదళంలో క్యూరాసియర్ (ఛాతీకి లోహ కవచం తొడిగిన రౌతుల) రెజిమెంట్లు 8. పన్నెండేసి పెడితే 96 గుర్రాలు, ఆరేసి అయితే 48. నా మొగ్గు ఆరు వైపే. ఏమంటారు?

బల్లమీదయుద్ధం:
వద్దండీ. ఆరుగురిలో ఒకడు అధికారి, ఒకడు బూర ఊదేవాడు, ఒకడు జెండా పట్టుకునేవాడు. కత్తి దూసేది మిగిలిన ముగ్గురే. చూస్తే రెజిమెంట్‌లా ఉండదు, పెళ్లి ఊరేగింపులా ఉంటుంది.

సీసపురౌతు:
ఊరేగింపే అనుకోండి, ఎనిమిది వస్తాయి కదా! కాలర్ రంగులు చూడండి: 4వ రెజిమెంట్‌కు నారింజ ఛాయ, 7వ దానికి పసుపు, 12వ దానికి గులాబీ. అన్నీ బల్ల మీద కనిపించాలని నా ఆశ. 96 కవచాలకు వెండి రంగు, నీడల కోసం పల్చటి నల్ల రంగు (వాష్) అంటే ఈ జన్మకు ఆట మొదలవదు.

దక్కన్‌రౌతు:
సంఖ్య సంగతి తర్వాత, ముందు వెడల్పు చూడండి. 450 మంది రౌతులు రెండు వరసల్లో నిలిస్తే ముందు వరసలో 225 మంది. గుర్రానికి సుమారు మీటరు చొప్పున 225 మీటర్లు. మీటరుకు మిల్లీమీటరు లెక్కన బల్ల మీద 225 మి.మీ. గుర్రానికి 20 మి.మీ. ఇస్తే పన్నెండు గుర్రాలు ఒకే వరసలో 240. సరిపోయింది. వాటినే రెండు వరసలు చేస్తే వెడల్పు సగమైపోతుంది, లోతు చూస్తే నవ్వొస్తుంది. బొమ్మ గుర్రం పొడవే దాదాపు 35 మి.మీ., అంటే నేల మీద 35 మీటర్లు! అసలు రెండు వరసలూ కలిపినా పది మీటర్లు పట్టదు.

అందుకే ఒకే వరస, నాలుగేసి గుర్రాలతో మూడు బేసులు (బొమ్మలు అంటించే పలకలు), బేసుకొక స్క్వాడ్రన్ (రెజిమెంట్ లోని ఒక భాగం). ఒకటి దూకితే ఇంకొకటి వెనక ఆగాలి. వాటర్లూలో బ్రిటిష్ అశ్వదళం యూనియన్ బ్రిగేడ్ గతి తెలుసు కదా. దాని మూడు రెజిమెంట్లలో రాయల్స్, ఇన్నిస్కిల్లింగ్స్ ముందుండాలి, స్కాట్స్ గ్రేస్ వెనక ఆసరాగా ఉండాలి. గ్రేస్ కూడా దూకేశారు. ఫ్రెంచ్ జనరల్ దెర్లోన్ పదాతిని చెదరగొట్టి, రెండు ఈగిల్ జెండాలు లాక్కుని, లోయ దాటి ఫిరంగుల దాకా పోయారు. గుర్రాలు ఆయాసపడుతున్న వేళ ఫ్రెంచ్ లాన్సర్లు (ఈటెల రౌతులు) వచ్చి పడ్డారు. సొంత రిజర్వు లేదు. నాయకుడు పాన్సన్‌బీ కూడా చనిపోయాడు. ఆరు గుర్రాల్నీ ఒకే ముక్క మీద అంటిస్తే ఆటగాడికి ఆ పొరపాటు చేసే వీలే ఉండదు. మరి ఇంక వాటర్లూ ఎందుకు ఆడటం?

లాన్సర్72:
లెక్క బాగుంది గురువుగారూ, బల్లే చాలదు. 240 ఇంటూ ఎనిమిది అంటే 1,920 మి.మీ. ఆరడుగుల బల్ల 1,830. పదాతిని కుర్చీల మీద నిలబెట్టాలా?

దక్కన్‌రౌతు:
అన్నీ ఒకేసారి లైన్‌లో పరచమని ఎవరన్నారు బ్రదర్? ఫ్రెంచ్ మార్షల్ నే (Ney) నడిపిన అశ్వదళ దాడి సాగింది ఊగుమాన్‌కూ లా హే సాంత్‌కూ (యుద్ధభూమిలోని రెండు పొలం ఇళ్లు) మధ్య, సుమారు కిలోమీటరు సందులో. స్క్వాడ్రన్ వెనక స్క్వాడ్రన్‌గా నిలిపితే రెజిమెంట్ ముందు భాగం 80 మి.మీ. మాత్రమే. ఎనిమిదీ కలిపి 640.

సీసపురౌతు:
స్క్వాడ్రన్ బేసులు నచ్చాయండీ. కానీ 80 మి.మీ. బేసు మీద రెండేసి గుర్రాలు పెడితే? రెజిమెంట్‌కు ఆరే అవుతాయి, స్క్వాడ్రన్లు మూడూ ఉంటాయి.

బల్లమీదయుద్ధం:
గుర్రానికీ గుర్రానికీ మధ్య గడ్డి కనిపిస్తుంది. వాళ్లు మోకాలికి మోకాలు తగిలేలా నడిచేవాళ్లు. బేసు 40 చేసుకోండి.

దక్కన్‌రౌతు:
40 చేస్తే మీ పదాతి బెటాలియన్ల పక్కన రెజిమెంట్ మరీ సన్నగా కనిపిస్తుంది. మీ బెటాలియన్ లైన్ వెడల్పెంత? అది చెప్పకుండా బేసులు కోయించొద్దు.

సీసపురౌతు:
160 మి.మీ. అండీ. రేపు 7వ రెజిమెంట్‌ను రెండు రకాలుగానూ, మళ్లీ ఊడదీయగలిగే జిగురు ముద్ద బ్లూటాక్‌తో నిలబెట్టి, పక్కన బెటాలియన్ పెట్టి ఫొటోలు వేస్తా. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) అప్పటిదాకా ఆపుతా.