వెళ్ళిన దేశం భాష నేర్చుకోవాలా, ఇంగ్లీషుతో బండి లాగించేస్తే చాలా?

గాజువాక రమణ:
మా అన్నయ్య కొడుకు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్. మొన్న సంక్రాంతికి వచ్చాడు. ఏరా, జర్మన్ బాగా వచ్చేసిందా అని అడిగితే నవ్వేశాడు. "ఎందుకు బాబాయ్, ఆఫీసంతా ఇంగ్లీషే, షాపులో కార్డు గీకితే పనైపోతుంది" అన్నాడు. పోనీ నిన్నగాక మొన్న వెళ్ళాడా అంటే కాదు, అక్కడే ఫ్లాటు కొనే ఆలోచనలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకరి ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని వాళ్ళ బడికి పంపుతూ, వాళ్ళ భాష మాత్రం నాకక్కర్లేదు అనడం ఏం పద్ధతి? నా మటుకు నాకు, ఏ దేశం వెళ్ళినవాడైనా అక్కడి భాష నేర్చుకోవాల్సిందే. మీరేమంటారు?

ఆర్కే బీచ్ బాబ్జీ:
నేర్చుకోవాల్సిందే. ఇందులో చర్చ ఏముంది గురూ.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
చర్చ ఉంది. నాది వైజాగ్ సీతమ్మధార, ఇప్పుడు ఉండేది జర్మనీలో స్టుట్‌గార్ట్. రమణ గారూ, మీవాడు గోడ దూకి వెళ్ళలేదు. వాళ్ళకి మనుషులు కావాలి కాబట్టి పిలిచారు, ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే చేశారు. జీతం చేతికి రాకముందే పన్ను, పింఛను, ఆరోగ్య బీమా అని పెద్ద ముక్క కోసుకుంటారు, భాష రాదు కదా అని అందులో ఒక్క యూరో తగ్గించరు. నేర్చుకుంటే మంచిదే, కాదన్నదెవరు. కానీ రోజంతా ఆఫీసులో పనిచేసి, పిల్లని క్రెష్ నుంచి తెచ్చుకుని, అన్నం వండుకుని, ఆ తర్వాత కూర్చుని, జర్మన్‌లో వస్తువులకి కూడా లింగం ఉంటుంది కాబట్టి, బల్ల ఆడదా మగదా అని బట్టీ పట్టమని గాజువాక నుంచి మీరు తీర్పు చెబుతుంటే వినడానికే నాకు కష్టంగా ఉంది.

వీసా వాసు:
రూల్ తెలుసుకుని మాట్లాడుకుందాం. బ్లూకార్డు, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకి ఇచ్చే వర్క్ పర్మిట్, దాని మీద వెళ్ళేవాడికి ముందే జర్మన్ రావాలన్న షరతు లేదు. శాశ్వత నివాసానికి ఏ1 స్థాయి ఉంటే 27 నెలలు, బీ1 ఉంటే 21 నెలలు. పౌరసత్వం కావాలంటే మామూలుగా 5 ఏళ్ళ నివాసం, బీ1 భాష, ఆ పైన 33 ప్రశ్నల పరీక్షలో కనీసం 17 రైటు. ఏ1 అంటే పేరూ ఊరూ చెప్పుకోవడం, బీ1 అంటే రోజువారీ పనులు నెట్టుకురావడం. అంటే ఉండాలనుకునేవాడు నేర్చుకోవాలి, తిరిగొచ్చేవాడికి అక్కర్లేదు. ఈ చర్చ ఇక్కడితో ముగించవచ్చు.

గాజువాక రమణ:
వాసూ, చట్టం ఏమందని కాదు బాబూ నేనడిగేది, మనిషన్నవాడికి ఉండాల్సింది అడుగుతున్నా. జర్మనీ దాకా ఎందుకు, మా వీధిలోనే చూడు. పక్కింటాయన ఉత్తరాది నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టి, కూతురి పెళ్ళి కూడా ఇక్కడే చేశాడు. ఇవాళ్టికీ కూరగాయల బండి వస్తే "కిత్నా" తప్ప ఇంకో మాట లేదు. ఆ బండామె బడి ముఖం చూడని మనిషి, ఆయన కోసం హిందీ పట్టేసింది. "చాలీస్ సాబ్, తాజా హై" అంటుంది, వంకాయ తొడిమ గిల్లి చూపిస్తూ. ఎవరు ఎవరి ఊరొచ్చారు, ఎవరు ఎవరి భాష నేర్చుకున్నారు?

పూర్ణామార్కెట్ చిన్నా:
బండామెకి బేరం కుదురుతోంది కద సార్. ఆవిడకి లేని బాధ మీకేటి?

స్టుట్‌గార్ట్ సుబ్బు:
పక్కింటాయనది వలస అంటే వలసే గానీ దేశం దాటలేదు కదండీ. దేశంలో ఎక్కడైనా ఉండొచ్చని రాజ్యాంగం 19వ అధికరణలో రాసి ఉంది. అదీ ఇదీ కలిపేస్తే ఎలా? ఇంకోటి, మన శ్రీకాకుళం నుంచి గల్ఫ్‌కి వెళ్ళే వెల్డర్లని, ఫిట్టర్లని అడగండి. ఏళ్ళ తరబడి ఉంటారు, సైటులో హిందీతోనే గడిచిపోతుంది, అరబ్బీ రాలేదేం అని ఎవరూ నిలదీయరు, ఎందుకంటే వాళ్ళని ఉంచుకునే ఉద్దేశం అక్కడెవరికీ లేదు. అదే ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళిన మన ఆడవాళ్ళు చకచకా మాట్లాడేస్తారు, లేకపోతే ఆ ఇంట్లో పూట గడవదు. అవసరం పడితే ఎవరికైనా వస్తుంది. అవసరం లేనివాణ్ణి పట్టుకుని నీతులు చెప్పడం ఎందుకు?

గాజువాక రమణ:
వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్‌కి వెళ్ళి చూడు, మార్వాడీ సేఠులు మనకంటే బాగా మన యాస మాట్లాడతారు. "ఏటమ్మా, పోయిన్నెల వడ్డీ కట్టలేదు" అని అడుగుతారు. వాళ్ళకి మాత్రం అవసరమేటి, డబ్బున్నవాళ్ళు కదా?

పూర్ణామార్కెట్ చిన్నా:
వడ్డీ వసూలు అవసరం కాదాండీ?

బర్మాక్యాంప్ భాను:
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. మాది కంచరపాలెం. మా తాత రంగూన్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న ఈ తీరం నుంచే ఓడెక్కి రేవు కూలికి వెళ్ళాడు. తాతకి బర్మా భాష మాతృభాషతో సమానం, కలలో పలవరిస్తే ఆ భాషే వచ్చేదని మా నాయనమ్మ చెప్పేది. భాష నేర్చుకుంటే మనవాడంటారని కదా రమణ గారి ధీమా? 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు, సమ్మె తేలిపోగానే వాళ్ళని పొమ్మన్నారు, అక్కడ రేగింది గొడవ. కూలి దగ్గర రేగింది గానీ భాష దగ్గర కాదు. తర్వాత 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది అడవుల్లో పడి నడిచారు. మావాళ్ళు అప్పుడు కూడా కదల్లేదు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో కొట్లన్నీ జాతీయం చేశారు, మా తాత కొట్టూ పోయింది. చేతిసంచితో ఓడెక్కించారు. ఓడెక్కించేటప్పుడు నీకు మా భాష వచ్చా అని ఎవరూ అడగలేదండి.

ఆర్కే బీచ్ బాబ్జీ:
అమ్మో.

గాజువాక రమణ:
భాను గారూ, మీ తాతగారికి జరిగింది అన్యాయమే. కానీ అది సైనిక పాలన, దాన్ని చూపించి ఇవాళ ఎవరూ భాష నేర్చుకోనక్కర్లేదంటే ఎలా?

బర్మాక్యాంప్ భాను:
అక్కర్లేదని నేనెక్కడన్నాను? నేర్చుకున్నవాడిని కూడా గెంటేస్తారు అన్నాను. మీరు రాసింది మళ్ళీ చదవండి, నేను రాసింది కూడా చదవండి.

సిస్టర్ మేరీ భీమిలి:
నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. జర్మనీలోనే నర్సుని. మాకు బీ1 పైమెట్టు బీ2 లేకపోతే నర్సుగా గుర్తింపు రాదు. నేర్చుకోవాలా వద్దా అన్న చర్చ సాఫ్ట్‌వేర్ వాళ్ళకే దొరికే సుఖం. రాత్రి రెండింటికి ఆపరేషన్ అయిన ముసలాయన మత్తు దిగుతూ ఏదో అడుగుతాడు. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని లేవబోతుంటాడు. నీళ్ళా, మూత్రమా, నొప్పా? కోచింగులో నేర్చుకున్న జర్మన్ వేరు, ఈయన మాట్లాడే ష్వాబ్ అనే అక్కడి ప్రాంతపు యాస వేరు. మొదట్లో చెవి దగ్గర పెట్టి విన్నా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతుంది. సుబ్బు గారూ, రేపు మీరే అక్కడ ఆసుపత్రిలో పడుకుంటే మీ బాధ మీరే చెప్పుకోవాలి కదా, అప్పుడు బల్ల ఆడదో మగదో ఎవరూ అడగరు.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
సిస్టర్, మీ పనికి కావాలి, ఒప్పుకుంటా. నేను ఆసుపత్రికి వెళితే ఇంగ్లీషు వచ్చిన డాక్టర్లుంటారు, ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంటుంది.

సిస్టర్ మేరీ భీమిలి:
మత్తులో యాప్ తెరుస్తారా?

లలిత ఎమ్వీపీ:
మీ అందరివీ ఉద్యోగాల కథలు. నాది ఉద్యోగం లేని కథ. మావారి పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉండి, తిరిగి వచ్చేశాం. భాష నేర్చుకోవాలని నాకు చాలా ఉండేది. అక్కడ ప్రభుత్వమే కోర్సు పెడుతుంది, మామూలుగా భాషకి 600 గంటలు, వాళ్ళ చట్టం, చరిత్ర చెప్పడానికి 100. క్లాసు పొద్దున పూట. చిన్నదానికి క్రెష్‌లో సీటు లేదు, వెయిటింగ్ లిస్టు. మావారేమో "నేనున్నాగా, నీకెందుకు టెన్షన్" అనేవారు. ఆయనుండేది ఆఫీసులో. ఒకసారి నాకు ఆడవాళ్ళకి వచ్చే ఇబ్బంది ఏదో వచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి, ఆయనకి మీటింగు. మూడో క్లాసు చదివే మా పెద్దాణ్ణి తీసుకుని వెళ్ళాను, వాడు బడిలో జర్మన్ నేర్చేసుకున్నాడు కాబట్టి. నా బాధ వాడికి తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలీలేదు, జర్మన్‌లో ఎలా చెప్పాలో వాడికి తెలీలేదు. బూట్ల లేసు ముడి విప్పుతూ, వేస్తూ, చివరికి "అమ్మకి కడుపు నొప్పి" అన్నాడట. డాక్టరమ్మ ఆ తర్వాత నా ముఖం చూడలేదు, ప్రశ్నలన్నీ వాణ్ణే అడిగింది. కడుపు నొప్పికి మందిచ్చి పంపింది.

గాజువాక రమణ:
చూశారా! నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే. భాష నేర్చుకోకపోతే చివరికి పిల్లల మీద పడుతుంది.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
కాదు, దుబాసీని పెట్టని ఆసుపత్రిది తప్పు. లలిత గారి కథ నా మాటకే బలం.

వీసా వాసు:
లలిత గారూ, మీవారిది బ్లూకార్డేనా? బ్లూకార్డు అయితే భార్యకి వెళ్ళేముందు ఏ1 పరీక్ష అక్కర్లేదు. మామూలుగా భార్యాభర్తల వీసాకి ఇక్కడే ఏ1 పాసై వెళ్ళాలి, మీరు పాసై వెళ్ళారా?

లలిత ఎమ్వీపీ:
నా కథని ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగకండి. రమణ గారూ, నేను నేర్చుకోకపోవడం కాదు, నేర్చుకోనివ్వకపోవడం. అది కాస్త చూడండి. సుబ్బూ, దుబాసీ వస్తే ఆ రోజు గడిచేది, రేపు పార్కులో పక్కనామెతో మాట్లాడ్డానికి కూడా దుబాసీని తెచ్చుకోనా? ఇంకోటి, వాళ్ళు టర్కీ నుంచి కూలీల్ని 1961 నుంచి ఒప్పందం మీద తెచ్చుకున్నారు, ఈ కోర్సులు మొదలెట్టింది 2005లో. అన్నేళ్ళు ఏమీ నేర్పకుండా పని చేయించుకుని, ఆ తర్వాత మీకు మా భాష రాదేం అని వాళ్ళనే అన్నారు. అడిగేవాడికి నేర్పే పూచీ లేదా?

స్టుట్‌గార్ట్ సుబ్బు:
అదీ మాట. రమణ గారికి అది పట్టదు. ఆయన కోపం పక్కింటి హిందీ ఆయన మీద, దాన్ని తెచ్చి వాళ్ళ అన్నయ్య కొడుకు మీద తీర్చుకుంటున్నారు. ఊరికే పెద్దరికం.

గాజువాక రమణ:
పెద్దరికం అంటావా, సరే విను. రిటైరయ్యాక పింఛను పుస్తకం పట్టుకుని ఈ ఊళ్ళోనే ఒక బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు నేను తెలుగులో అడిగితే "హిందీ మే బోలియే" అన్నాడు. రాదన్నాను. వెనకున్న వాళ్ళని పిలిచాడు, నన్ను పక్కకి జరగమన్నాడు. నేను ఈ ఊళ్ళో పుట్టాను, స్టీల్ ప్లాంటులో ఫర్నేసు ముందు ఒళ్ళు కాల్చుకున్నాను, నా ఊళ్ళో నేను పక్కకి జరగాలా? ఆ కుర్రాడికి తెలుగు రాకపోవడం కాదు నా బాధ, రావాలని వాడికి అనిపించకపోవడం. ఈ ఊరి మనుషులు వాడి లెక్కలో లేరు. మావాడు "ఎందుకు బాబాయ్" అని నవ్వినప్పుడు నాకు ఆ కుర్రాడే కనిపించాడు. మ్యూనిక్‌లో ఏ ముసలాణ్ణి వీడు పక్కకి జరగమంటున్నాడో అనిపించింది.

బర్మాక్యాంప్ భాను:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ లేకపోను.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
బ్యాంకు కుర్రాడిది పొగరు, కౌంటర్లో కూర్చున్నవాడికి ఊరి భాష రావాలి, అందులో మీ పక్షమే. కానీ మీవాడు ఎవర్నీ పక్కకి జరపలేడు సార్. అక్కడ జరిగేది మేమే. నాకు బీ1 ఉంది, ఈ మాట ఇందాక కావాలనే చెప్పలేదు. రాత్రిళ్ళు కూర్చుని చదివి పాసయ్యాను. విదేశీయుల ఆఫీసులో జర్మన్‌లో మొదలుపెడితే, ఒక వాక్యం తడబడగానే ఎదుటామె విసుగ్గా ఇంగ్లీషులోకి మారిపోయింది. ఇంకో చోట ఇంగ్లీషులో అడిగితే "ఇది జర్మనీ, జర్మన్ మాట్లాడు" అన్నారు. ఆఫీసు క్యాంటీన్లో నేను కూర్చోగానే జోకులు ఆగిపోతాయి, నాకోసం ఇంగ్లీషులో వాతావరణం గురించి మాట్లాడతారు. మీరు భాష అంటే ఆ నేలకిచ్చే మర్యాద అంటున్నారు. ఎంత ఇస్తే చాలో వాళ్ళే తేలుస్తారు, ఆ గీత రోజూ జరుగుతుంటుంది. అందుకే నాకిది పనిముట్టు, అంతే. మర్యాద కావాలంటే భాష రాకముందు కూడా మనిషిగా ఇవ్వాలి.

గాజువాక రమణ:
అక్కడే మనిద్దరికీ కుదరదు సుబ్బూ. మొదటి అడుగు వచ్చినవాడే వెయ్యాలి.

లలిత ఎమ్వీపీ:
రమణ గారూ, ఒక్కటే అడుగుతా. మీ పక్కింటాయన భార్య తెలుగు నేర్చుకుంటానంటే వైజాగ్‌లో ఏ క్లాసుకి వెళ్ళాలి? వాళ్ళ 600 గంటల్లాంటిది ఇక్కడ ఎవరు పెట్టారు?

గాజువాక రమణ:
క్లాసెందుకమ్మా, మా ఆవిడ రోజూ గోడ మీంచి మాట్లాడుతుంది.

లలిత ఎమ్వీపీ:
ఏ భాషలో?

గాజువాక రమణ:
హిందీలోనే. సీరియళ్ళు చూసి నేర్చుకుంది. అదే కదా నా బాధ.

వీసా వాసు:
లలిత గారు వీసా సంగతి ఇంకా చెప్పలేదు.

పెందుర్తి కిరణ్:
పెద్దలకి నమస్కారం. గొడవలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. ఒక ఏజెంటు ఆర్నెల్లలో బీ2 చేయించి జర్మనీ పంపిస్తానంటున్నాడు, ముందు రెండు లక్షలు కట్టమంటున్నాడు. మేరీ అక్కా, అవుతుందా?

సిస్టర్ మేరీ భీమిలి:
కట్టొద్దు తమ్ముడూ. సున్నా నుంచి ఆర్నెల్లలో బీ2 అంటే చాలా కష్టం, డ్యూటీ చేసుకుంటూ అయితే ఏడాది పైనే వేసుకో. నర్సుకి జర్మన్ ఆసుపత్రులే ఖర్చు పెట్టుకుని తీసుకెళ్ళే దారులున్నాయి, ముందు అవి కనుక్కోండి. అక్కడికి వెళ్ళాక గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పనే ఇస్తారు, సహాయకురాలి జీతమే. అది కూడా చెల్లికి ముందే చెప్పు, వెళ్ళాక ఏడవకుండా. ఏ1 పుస్తకాలు నా దగ్గరున్నవి భీమిలిలో మా అమ్మ దగ్గర ఉన్నాయి, కావాలంటే మెసేజ్ పెట్టు.