నాలుగు లాగ్‌లు ఒకేసారి చూడాలంటే టెయిల్ చాలా, ఎల్‌నావ్ కావాలా?

నైట్‌షిఫ్ట్: ఒకే సర్వర్‌లో ఎంజినెక్స్ (వెబ్‌సర్వర్) యాక్సెస్, ఎర్రర్ లాగ్‌లు, పీహెచ్‌పీ లాగ్, మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) ఎర్రర్ లాగ్ ఉన్నాయి, అంటే జరిగినవి లైన్లుగా రాసుకునే ఫైళ్లు. 502 (వెనకున్న ప్రోగ్రామ్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వచ్చినప్పుడల్లా నాలుగూ కలిపి చూడాలి. మా టీమ్‌లో సగం మంది ఫైల్ చివర పడే కొత్త లైన్లు చూపించే టెయిల్ కమాండ్ చాలంటున్నారు, మిగతావాళ్లు లాగ్‌లు చూసే ఎల్‌నావ్ ప్రోగ్రామ్ వేద్దామంటున్నారు. మీరేమంటారు?

పాతటెర్మినల్: టెయిలే. ఏ లినక్స్ మెషిన్‌లోనైనా ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. కాకపోతే కొత్త లైన్లు వస్తుంటే చూపించే ఆప్షన్‌లలో స్మాల్ ఎఫ్ (-f) కాదు, క్యాపిటల్ ఎఫ్ (-F) వాడండి. లాగ్‌రొటేట్ (పాత లాగ్‌ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే ప్రోగ్రామ్) పాత ఫైల్ పేరు మార్చేస్తుంది కదా, స్మాల్ ఎఫ్ ఆ పేరు మారిన ఫైల్‌నే పట్టుకుని కూర్చుంటుంది. స్క్రీన్ మీద ఎర్రర్లేవీ లేవని మనం టీకి వెళ్తాం. క్యాపిటల్ ఎఫ్ అయితే పేరును చూసుకుంటూ కొత్త ఫైల్‌కి మారిపోతుంది. నాలుగు ఫైళ్లూ వరసగా ఇవ్వండి, ఏ లైను ఎక్కడిదో పైన హెడర్ వేసి చూపిస్తుంది.

బెజవాడఅడ్మిన్: అన్నా, ఆ హెడర్‌లే తలనొప్పి. ట్రాఫిక్ ఎక్కువైతే రెండు లైన్లకో హెడర్ పడుతుంది. క్యూ ఆప్షన్‌తో తీసేస్తే ఏ లైను ఏ ఫైల్‌దో తెలియదు. అసలు తేడా అది కూడా కాదు. టెయిల్ లైన్లు ఫైల్‌లో పడిన వరసలో చూపిస్తుంది. ఎల్‌నావ్ ప్రతి లైన్‌లో టైమ్ చదివి, అన్ని ఫైళ్లనూ ఆ క్రమంలో కలుపుతుంది. ఎంజినెక్స్ యాక్సెస్ లాగ్‌కి బఫర్ పెట్టారనుకోండి, లైన్లు ఆలస్యంగా, గుంపుగా వచ్చి పడతాయి. అప్పుడు టెయిల్ చూపించే వరసను నమ్మి ఏది ముందో ఏది వెనకో ఎలా తేలుస్తారు?

పాతటెర్మినల్: లైన్‌లో ఉన్న టైమ్‌ని మాత్రం నమ్మొచ్చా తమ్ముడూ? ఎంజినెక్స్ మామూలుగా రిక్వెస్ట్ ముగిశాక లాగ్ రాసేటప్పటి టైమ్ వేస్తుంది. అపాచీ (ఇంకో వెబ్‌సర్వర్) రిక్వెస్ట్ అందినప్పటి టైమ్ వేస్తుంది. 30 సెకన్లు పట్టిన రిక్వెస్ట్ అయితే ఈ రెండిట్లో 30 సెకన్లు తేడా వస్తుంది. ఇక మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి ఎర్రర్ లాగ్ డీఫాల్ట్‌గా యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక) రాస్తుంది. రాత్రి 2 గంటలకి డేటాబేస్ పడిపోతే, లాగ్‌లో ముందు రోజు 20:30 అని ఉంటుంది.

బెజవాడఅడ్మిన్: మైఎస్‌క్యూఎల్‌ది సెట్టింగ్‌లో సిస్టమ్ టైమ్‌కి మారిస్తే పోతుంది. అపాచీ సంగతి నిజమే, కానీ ఇక్కడ అడిగినవాళ్లది ఎంజినెక్స్.

గ్రెప్‌గీత: వరస గురించి ఇంత కొట్లాట ఎందుకండీ? ఎంజినెక్స్ 1.11.0 నుంచి ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక ఐడీ ఇస్తుంది. దాన్ని యాక్సెస్ లాగ్‌లో రాయించి, పీహెచ్‌పీకి కూడా పంపి అక్కడి లాగ్‌లోనూ వేయించండి. ఆ ఐడీతో గ్రెప్ (ఇచ్చిన మాట ఉన్న లైన్లే చూపించే కమాండ్) చేస్తే రెండు చోట్లా ఆ రిక్వెస్ట్ లైన్లే వస్తాయి. టెయిల్ నుంచి గ్రెప్‌కి, అక్కడి నుంచి ఇంకో గ్రెప్‌కి పైప్ చేసేటట్టయితే (ఒకదాని ఔట్‌పుట్ ఇంకోదానికి అందించేటట్టయితే) మొదటి గ్రెప్‌కి లైన్-బఫర్డ్ (ఏ లైను ఆ లైను వెంటనే పంపే) ఆప్షన్ ఇవ్వండి. లేకపోతే లైన్లు మధ్యలోనే ఆగిపోయి, ఏమీ రావట్లేదని టెన్షన్ పడతారు. మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లోకి మాత్రం ఈ ఐడీ రాదు, దాన్ని టైమ్ చూసే పట్టుకోవాలి.

నైట్‌షిఫ్ట్: ఐడీ పని ఈ వారమే డెవలపర్లతో మాట్లాడతాను. ప్రొడక్షన్‌లో కొత్త ప్యాకేజీ వేయడానికి మాత్రం సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు.

బెజవాడఅడ్మిన్: వేయక్కర్లేదు. ఎల్‌నావ్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద సర్వర్ ఫైళ్లు తెరుస్తుంది.

పాతటెర్మినల్: తెరుస్తుంది, కానీ అందుకోసం ఒక చిన్న ప్రోగ్రామ్‌ని సర్వర్‌లోకి పంపి అక్కడ నడుపుతుంది. సెక్యూరిటీ వాళ్లకి ముందే చెప్పి చేయండి.